నేల గట్టిదే, గోడ సంగతేమిటి?

2024 డిసెంబరు 4న, ఉదయం ఏడున్నర కాకముందే ములుగు జిల్లా మేడారం అడవుల్లో నేల కంపించింది. తీవ్రత 5.3. హైదరాబాదు నుంచి విజయవాడ దాకా జనం ఇళ్లలోంచి వీధుల్లోకి పరుగెత్తారు. అదృష్టం బాగుండి పెద్ద నష్టం జరగలేదు. అదే నెలలో నల్లమలకు అవతల ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో చిన్న చిన్న ప్రకంపనలు వచ్చాయి. టీవీలు కొన్నాళ్లు గొంతు చించుకుని ఊరుకున్నాయి. ఆ రోజుల్లో నంద్యాల జిల్లాలో మా ప్యాపిలి వైపు ఎవరిని కదిపినా ఒకటే ధీమా: "అవన్నీ గోదారి పక్క, కోస్తా పక్క వచ్చేవి. మనది రాతి సీమ. మనకు వానే సరిగా రాదు, భూకంపం యాడొస్తాది?"

నవ్వుకోవడానికి బాగానే ఉంది. అయితే ఈ ధీమా టీ అంగళ్ల దగ్గర ఆగిపోలేదు. దక్కను పీఠభూమి స్థిరమైన భూభాగమని బడిలో చదువుకున్నవాళ్లు, ఇళ్ల ప్లాన్లు గీసేవాళ్లు, కాలనీలు మంజూరు చేసేవాళ్లు, గోడలు లేపే మేస్త్రీలు, అందరూ ఈ నమ్మకం మీదే పని కానిస్తున్నారు. ఎవరూ పైకి అనరు, కానీ కట్టే ప్రతి ఇల్లూ ఆ మాటే చెబుతుంది. గోడ మూలన కట్టు ఉండదు, కిటికీ పైన బెల్టు ఉండదు, రాయికీ రాయికీ మధ్య పట్టు ఉండదు. ఎందుకంటే నేల కదలదు కదా!

ఈ నమ్మకం తప్పు. తప్పే కాదు, ప్రాణాంతకం కూడా. దీన్ని నమ్మి ఒకే తెల్లవారుజామున వేల మంది చనిపోయిన చోటు మనకు దూరంలో లేదు.

మహారాష్ట్రలో లాతూరు, ధారాశివ్ (అప్పటి ఉస్మానాబాదు) జిల్లాల సరిహద్దున కిల్లారి అనే పెద్ద ఊరు ఉంది. ఆ సీమ మనకు పరాయిది కాదు. 1956 దాకా అదంతా హైదరాబాదు రాష్ట్రంలో భాగం. నల్లరేగడి చేలు, జొన్న, కంది, కరువు, రాతి గోడల ఇళ్లు, అన్నీ మనకు తెలిసినవే. ఆనాడు దేశపు భూకంప పటాన్ని అయిదు మండలాలుగా విభజించారు. కిల్లారి ఒకటో మండలంలో ఉండేది. అంటే దేశంలోకెల్లా భయం తక్కువ ఉన్న జాగా. అక్కడ నేల కదిలినా వేలాడదీసిన వస్తువులు ఊగడం, నిద్రపోయేవాళ్లు మేలుకోవడం, అంతకు మించి జరగదని ఆ పటం లెక్క. కిల్లారి జనమూ అదే ధీమాతో ఉన్నారు. 1992 ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఊరి కింద పదేపదే చిన్న ప్రకంపనలు వచ్చాయి. కొన్నాళ్లు భయపడ్డారు. అవి తగ్గాక మరిచిపోయారు.

1993 సెప్టెంబరు 29న వినాయక నిమజ్జనం. ఊరేగింపులు ముగించుకుని జనం పొద్దుపోయాక పడుకున్నారు. సెప్టెంబరు 30 తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు 6.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. కదలిక భూమిలో చాలా పైపైనే పుట్టింది, కిల్లారి దగ్గర పొలాల్లో నేల చీలి పైకి లేచింది. ఊళ్లు ఊళ్లే రాళ్ల గుట్టలయ్యాయి. చనిపోయినవాళ్ల లెక్క ఎనిమిది వేలని కొందరు, పది వేలకు దగ్గరని కొందరు. 52 ఊళ్లను పూర్తిగా వదిలేసి వేరే చోట కట్టాల్సి వచ్చింది.

"అక్కడి నేల మెత్తనిదేమో" అని అడిగేవాళ్లకు ఒక సమాధానం ఉంది. భూకంపం తర్వాత హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కిల్లారి దగ్గర నేలను లోతుగా తొలిపించి చూసింది. పైన మూడు వందల మీటర్లకు పైగా మందాన లావా గడ్డకట్టిన నల్లరాయి. దాని కింద కోట్ల ఏళ్ల నాటి పాత శిల. రాతి నేలే రక్ష అయితే అంతకంటే పెద్ద రక్ష ఏ ఊరికి ఉంటుంది?

ఆళ్లగడ్డ శిల్పులను అడిగితే ఈ సంగతి మనకంటే బాగా చెబుతారు. విగ్రహానికి రాయిని ఎంచుకునేటప్పుడు పైకి గట్టిగా కనబడగానే సరేననరు. సుత్తితో తట్టి వింటారు. లోపల పగులు ఉంటే నాదం మారుతుంది. భూమి సంగతీ అంతే. మన దేశం నిలబడిన భూఫలక ఏడాదికి సుమారు అయిదు సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ నెట్టుడు హిమాలయాల దగ్గరే ఆగిపోదు, దాని ఒత్తిడి ఫలక అంతటా పాకుతుంది. పాత శిలల్లో ఎప్పటివో పగుళ్లు ఉంటాయి. ఎక్కడో ఒకచోట ఒత్తిడి హద్దు దాటితే ఆ పాత పగులు జారుతుంది. హిమాలయాల్లో ఇది తరచుగా, దక్కనులో అరుదుగా జరుగుతుంది. అరుదుగా జరగడం వేరు, అసలు జరగకపోవడం వేరు. ఈ తేడాను మన పాఠాలు చెప్పలేదు, మనం అడగలేదు.

అరుదు అన్నాను గానీ, మన చుట్టూ చూస్తే అంత అరుదూ కాదు. 1843లో బళ్లారి ప్రాంతంలో నేల కంపించినట్టు పాత భూకంప పట్టికల్లో నమోదై ఉంది. నేరుగా గీత గీస్తే బళ్లారి ప్యాపిలికి వంద కిలోమీటర్ల లోపే. 1900 ఫిబ్రవరిలో కోయంబత్తూరు దగ్గర 6 తీవ్రతతో వచ్చింది. 1967 మార్చిలో ఒంగోలు, అదే ఏడాది డిసెంబరులో మహారాష్ట్రలోని కొయినా, 1969 ఏప్రిల్లో భద్రాచలం, 2020 జనవరిలో సూర్యాపేట జిల్లా చింతలపాలెం పరిసరాలు, ఆ తర్వాత ములుగు. ఇవన్నీ మన పుస్తకాలు కదలదని చెప్పిన ద్వీపకల్పంలోనే వచ్చాయి.

ప్రతిసారీ మనవాళ్లు ఒక మినహాయింపు కనిపెట్టారు. కొయినాలో వస్తే అది డ్యాము వల్ల అన్నారు. భద్రాచలంలో వస్తే అది గోదావరి లోయ అన్నారు. ఒంగోలులో వస్తే సముద్రం పక్క అన్నారు. కిల్లారిలో వస్తే చెప్పడానికి ఏమీ దొరక్క అక్కడా చిన్న డ్యాము ఉందన్నారు. సరే, డ్యామే కారణమని కాసేపు ఒప్పుకుందాం. శ్రీశైలం, వెలుగోడు, గోరుకల్లు, అవుకు ఎవరి జిల్లాలో ఉన్నాయి? ఈ జలాశయాలు భూకంపం తెస్తాయని నేను అనడం లేదు. ఏ వాదనతో మనల్ని మనం తప్పించుకోవాలని చూస్తున్నామో, ఆ వాదనే మన వాకిట్లోకి వచ్చి నిలబడుతోందని మాత్రం అంటున్నాను.

కిల్లారి తర్వాత ప్రభుత్వ పటమే మారింది. 2002లో సవరించిన భారతీయ ప్రమాణాల పటంలో ఒకటో మండలాన్ని పూర్తిగా ఎత్తేశారు. కిల్లారిని మూడో మండలానికి మార్చారు. అంటే భూకంప భయం దాదాపు లేదని చెప్పుకునే జాగా దేశంలో ఒక్క ఎకరం కూడా మిగల్లేదు. మన జిల్లా ఆ పటంలో అట్టడుగున ఉన్న రెండో మండలంలో పడింది. అడుగున ఉన్నాం గదా అని సంబరపడేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. కిల్లారి కూడా అట్టడుగునే ఉండేది.

ఇంకో మాట. "రాతి నేల" అనే మాట మన జిల్లా మొత్తానికి వర్తించదు కూడా. ప్యాపిలి, జలదుర్గం వైపు గుట్టలూ బండలూ నిజమే. కుందూ లోయలోకి దిగితే కోయిలకుంట్ల, నంద్యాల, ఆళ్లగడ్డ దాకా నల్లరేగడి. గట్టి బండ మీద ఉన్న ఇంటికంటే మందపాటి మట్టి మీద ఉన్న ఇంటికి ఊపు ఎక్కువ తగులుతుంది. రాయి మీద ధీమా పెట్టుకున్నవాళ్లు తమ ఊరి బావిలో ఎన్ని గజాల మట్టి తవ్వాక రాయి తగిలిందో పెద్దల్ని అడిగి తెలుసుకోవాలి.

ఇక రెండో వాదన: "వచ్చినా మన దగ్గర చిన్నవే వస్తాయి. ఏడూ ఎనిమిదీ తీవ్రతతో రావు." ఇది మొదటి వాదన కంటే కాస్త తెలివైనది, అందుకే దీన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకోవాలి. కిల్లారి భూకంపం తీవ్రత 6.2. ప్రపంచ లెక్కల్లో అది పెద్దది కాదు, మధ్యరకం. అది జరిగిన నాలుగు నెలల్లోపే, 1994 జనవరి 17న, అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరం పక్కన నార్త్‌రిడ్జ్‌లో 6.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. కిల్లారి కన్నా అయిదారు రెట్లు శక్తి ఎక్కువ. అదీ తెల్లవారుజామునే, 4 గంటల 31 నిమిషాలకు, జనం పడకల మీద ఉన్నప్పుడే. కింద ఉన్నది పల్లెలు కాదు, లక్షల మంది కిక్కిరిసిన నగరం. చనిపోయినవాళ్లు అరవై మందికి అటూ ఇటూ.

ఒకచోట అరవై, ఇంకోచోట ఎనిమిది వేలు. దీన్ని దేవుడి రాత అనేవాళ్లకు నేను చేతులు జోడించి ఒకటే అడుగుతాను: ఆ దేవుడు అమెరికా వాళ్ల పట్ల నూరు రెట్లు దయగా ఎందుకున్నాడు? తేడా వేళలో లేదు, నేలలో లేదు, రాతలో లేదు. ఇళ్లలో ఉంది.

ఆ ఇళ్లు ఎట్లా ఉండేవో వింటే ప్యాపిలి మనిషికి ఒళ్లు జలదరించాలి. గోడలు రెండడుగుల నుంచి నాలుగడుగుల మందం. రెండు వరసలుగా రాళ్లు పేర్చి, నడుమ చిన్న రాళ్లూ మట్టీ కూరినవి. సున్నం లేదు, సిమెంటు లేదు, బంక మట్టే అతుకు. పైన కట్టె దూలాలు, వాటి మీద చెక్కలు, వాటి మీద అడుగు, రెండడుగుల మందాన మట్టి. మన చౌడు మిద్దెకూ దీనికీ తేడా ఏముంది? దూలాలు, దంతెలు, పైన చౌడు, నడుమ గవాక్షి. జలదుర్గంలో, రాచర్లలో, ఆ మాటకొస్తే ప్యాపిలి పాత వీధుల్లో ఇప్పటికీ మనుషులు పడుకుంటున్నది ఇలాంటి కప్పుల కిందే.

కొంచెం లెక్క వేసుకుందాం. పదడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు ఉన్న గది మీద అడుగు మందాన చౌడు పరిచితే నూరు ఘనపు అడుగులు. ఎండినప్పుడే నాలుగు టన్నుల పైమాట. వానకు నానితే ఇంకా ఎక్కువ. ప్రతి ఏటా తొలకరికి ముందు, పాతది తీయకుండా, కారుతున్న చోట ఇంకో పొర వేస్తాం. తాత వేసిన పొర మీద నాయన వేసినది, దాని మీద మనం వేసినది. కింద చాపేసుకుని పిల్లల్ని పడుకోబెడతాం.

"మా తాతల మిద్దె నూరేళ్లు నిలబడింది, ఏం కాలేదు" అనే మాట ఇక్కడే వస్తుంది. నిజమే, నిలబడింది. బరువు నిట్టనిలువుగా కిందికి దిగుతున్నంత కాలం రాతి గోడంత గట్టిది లేదు. భూకంపం గోడను పక్కకు ఊపుతుంది. అప్పుడు బయటి వరస బయటికి, లోపలి వరస లోపలికి విడిపోతాయి, నడుమ కూరిన మట్టి జారి రెంటినీ ఇంకా విడదీస్తుంది. కిల్లారిలో చాలాచోట్ల కట్టె స్తంభాలూ దూలాలూ నిలబడే ఉన్నాయి. చుట్టూ గోడల రాళ్లు పడుకున్నవాళ్ల మీద కురిశాయి. నిలువు బరువు నూరేళ్లు మోయడం పక్క ఊపుకు ఒక్క క్షణం తట్టుకుంటుందనడానికి సాక్ష్యం కాదు. కిల్లారి ఇళ్లకూ తాతలున్నారు. అక్కడ ఆ తెల్లవారుజామున ఎన్నో చోట్ల పెద్ద రైతుల రాతి వాడలు కూలాయి, కూలోళ్ల గడ్డి గుడిసెలు నిలబడ్డాయి. ఊళ్లో గొప్ప అనుకున్న మందపాటి గోడే యముడైంది. రెల్లు కప్పిన కొట్టంలో పడుకున్నవాడు తెల్లారి లేచి శవాలు మోశాడు.

భూకంపం సంగతి అట్లుంచండి. ఇవే మిద్దెలు వానకే చంపుతున్నాయి. 2024 ఆగస్టులో, మన జిల్లాలోనే, చాగలమర్రి మండలం చిన్నవంగలిలో అర్ధరాత్రి మట్టి మిద్దె కూలి ఒకే కుటుంబంలో భార్యాభర్తలూ ఇద్దరు బిడ్డలూ చనిపోయారు. నేల కదల్లేదు. పటంలో ఏ మండలమో చూడనక్కరలేదు. నానిన కప్పు చాలింది. వానాకాలం వస్తే చాలు, సీమ జిల్లాల పత్రికల్లో లోపలి పేజీల్లో ఇట్లాంటి వార్తలు వస్తూనే ఉంటాయి. నలుగురు చనిపోతే మొదటి పేజీ, ఒకరు చనిపోతే మూడో పేజీ. కాబట్టి "ఎప్పుడో వచ్చే భూకంపానికి ఇప్పుడెందుకు ఖర్చు" అని అడిగేవాళ్లు తప్పు ప్రశ్న అడుగుతున్నారు. గోడకు కట్టు పడితే, కప్పు బరువు తగ్గితే, భూకంపం రాకపోయినా వచ్చే శ్రావణంలోనే ఆ ఖర్చుకు ఫలం దక్కుతుంది.

మూడో నమ్మకం కొత్తది, కాబట్టి ఇంకా బలంగా ఉంది. "మిద్దెలు పోతున్నాయి, అందరూ పిల్లర్లేసి స్లాబు పోస్తున్నారు, ఇక భయం లేదు." సిమెంటు పేరు వినగానే భయం పోయే ఈ రోగానికి మందు గుజరాత్‌లో ఉంది. 2001 జనవరి 26 ఉదయం కచ్‌లో 7.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. భుజ్, భచావు పట్టణాలు నేలమట్టమయ్యాయి, అది అందరికీ గుర్తుంది. అక్కడికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో పదుల కొద్దీ బహుళ అంతస్తుల కాంక్రీటు భవనాలు కూలి ఏడు వందల మందికి పైగా చనిపోయిన సంగతి ఎంతమందికి గుర్తుంది? కొత్త భవనాలు, సిమెంటువే, పిల్లర్లవే. కింద కార్లు పెట్టుకోవడానికి గోడలు లేకుండా వదిలేసిన పిల్లర్లే వాటిలో చాలావాటిని ముంచాయి.

డోన్‌లో, నంద్యాలలో, మన ప్యాపిలిలో హైవే వారన లేస్తున్న కట్టడాల్ని ఒకసారి నిలబడి చూడండి. పిల్లరు చువ్వలకు రింగులు ఎంత దూరానికొకటి కట్టారో, రింగు కొసలు లోపలికి మడిచారో లేక ఊరికే చుట్టి వదిలేశారో చూడండి. పిల్లరూ బీమూ కలిసే చోట రింగులు ఉన్నాయా అని మేస్త్రీని అడగండి. అక్కడ కట్టడం కష్టం, అందుకే అక్కడే వదిలేస్తారు. భూకంపం మొదట పట్టేది అక్కడే. మంచి కాంక్రీటు ఇల్లు మంచిదే. నాసిరకం కాంక్రీటు ఇల్లు నాసిరకం మిద్దె కంటే మేలేమీ కాదు.

చివరి ధీమా ఒకటుంది. "జరగరానిది జరిగితే ప్రభుత్వం ఇళ్లు కట్టిస్తుంది, సొమ్ము ఇస్తుంది, నాలుగేళ్లలో అంతా మామూలవుతుంది." ఇది చెప్పేవాళ్లు కిల్లారి తర్వాతి ముప్పై ఏళ్లను చూడలేదు. నిజానికి ఆ పునరావాసం మన దేశంలో చెప్పుకోదగ్గది. ప్రపంచ బ్యాంకు అప్పుతో మహారాష్ట్ర ప్రభుత్వం పెద్ద కార్యక్రమం చేపట్టింది. 52 ఊళ్లు కొత్తగా వెలిశాయి. మిగిలిన ఊళ్లలో సుమారు రెండు లక్షల ఇళ్లను సొంతదారులే సాయం తీసుకుని బాగు చేసుకున్నారు. గ్రామ సభలు పెట్టారు, ఆడవాళ్ల సంఘాలను పర్యవేక్షణకు తెచ్చారు. వాళ్లలో కొందరు తర్వాత కచ్‌కు వెళ్లి అక్కడి ఆడవాళ్లకు తమ అనుభవం చెప్పారు. ఇది చిన్న పని కాదు.

అయినా నష్టం మామూలుగా పూడలేదు. బాధితులు నెలలు కాదు, ఏళ్లు రేకుల షెడ్లలో గడిపారు. చాలామంది చాన్నాళ్లు ఏ కప్పు కిందా కళ్లు మూయలేకపోయారు. తల్లిదండ్రులు పోయిన, బడులు కూలిన పిల్లల్లో పన్నెండు వందల మందిని శాంతిలాల్ ముత్తా స్థాపించిన భారతీయ జైన్ సంఘటన పుణెకు తీసుకెళ్లి చదివించింది. మంచి పనే, కానీ ఆ పిల్లలు ఊరికి దూరంగా పెరిగి పెద్దవాళ్లయ్యారు. కొత్త ఇళ్లను భూమి లెక్కన ఇచ్చారు: భూమి లేనివాళ్లకు 250 చదరపు అడుగులు, నడిమి రైతుకు 450, పెద్ద రైతుకు 750. చావులో కలిసిన ఊరు బతుకులో మళ్లీ కొలతల ప్రకారం విడిపోయింది. కొత్త ఊళ్లను పట్నం కాలనీల్లా నిలువు వీధులు, అడ్డం వీధులుగా గీశారు. పాత ఊరికి కొన్ని రెట్ల జాగా పట్టింది. చేను దూరమైంది. ఎద్దుల్ని కట్టేసే చోటు, వామి వేసుకునే దొడ్డి, నలుగురు కూర్చునే అరుగు ప్లానులో లేవు. ఎండాకాలం సిమెంటు గదులు కాలిపోయాయి. కుటుంబాలు పెరిగాక జనం పక్కన ఇష్టమొచ్చినట్టు గదులు లేపుకున్నారు. అందులో చాలావాటికి మళ్లీ కట్టు లేదు, బెల్టు లేదు. ముప్పై ఏళ్లు దాటాక, 2024 మార్చిలో హింగోలి జిల్లాలో 4.5 తీవ్రతతో నేల కదిలితే మరాఠ్వాడాలో జనం మళ్లీ ఆరుబయటికి పరుగెత్తారు.

కిల్లారి లాంటి భూకంపం నిమిషం కూడా ఉండదు. దాని తర్వాతి కాలం ఒక తరాన్ని తింటుంది. ఏ ప్రభుత్వమూ దాన్ని నాలుగేళ్లలో తిరిగి ఇవ్వలేదు.

కిల్లారి నుంచి తప్పు పాఠం నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. బతికినవాళ్లు రాయంటేనే భయపడ్డారు. రాతిని వదిలితే చాలనుకున్నారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే, కానీ మనం దాన్ని అరువు తెచ్చుకోనక్కరలేదు. రాయి నేరం చేయలేదు. కట్టు లేని గోడ చేసింది. మిద్దె చల్లదనాన్ని, మన చేతికి దొరికే రాతిని వదులుకోకుండానే ప్రాణం కాపాడుకునే దారి ఉంది. భారతీయ ప్రమాణాల సంస్థ 1993లోనే ఇలాంటి గోడల కోసం 13828 సంఖ్యతో ప్రమాణం తెచ్చింది. అందులో చెప్పినవి రాకెట్టు విద్య కాదు. రాతి గోడ అడుగున్నర మందం మించకూడదు. గోడ ఈ ముఖం నుంచి ఆ ముఖానికి అడ్డంగా సాగే పొడుగు రాయిని ఎత్తులో రెండడుగులకొకటి, పొడుగులో నాలుగడుగులకొకటి పెట్టాలి. కిటికీల పైన ఇంటి చుట్టూ తెగకుండా బెల్టు పోయాలి. గుమ్మాలూ కిటికీలూ మూలల్లోకి నెట్టకూడదు.

ఉన్న గోడను పడగొట్టకుండానే బాగు చేయొచ్చు. గోడకు అక్కడక్కడ ఆరపార చిల్లు చేసి, ఇనుప చువ్వ పెట్టి కాంక్రీటు నింపితే రెండు వరసలూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. కిల్లారి తర్వాత మరాఠ్వాడాలో ఈ పద్ధతి చేసి చూపించారు. స్తంభానికీ దూలానికీ మధ్య ఏటవాలుగా కట్టె బిగిస్తే చట్రం ఊగదు. పాత చౌడు దించి, నీరు దిగని పట్టా పరిచి, పలచగా మళ్లీ వేస్తే కప్పు బరువు సగానికి పైగా తగ్గుతుంది, కారడమూ ఆగుతుంది. బేతంచెర్ల బండల్ని దేశమంతటికీ పంపే జిల్లా మనది. మన గోడకు నాలుగు అడ్డురాళ్లు దొరకవా? డబ్బులేదనే సాకు చాలాచోట్ల చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. ఇక్కడ లేనిది పట్టింపు.

అందుకే అడుగుతున్నాను. పంచాయతీలు తొలకరికి ముందే ప్రతి ఊళ్లో పాత మిద్దెల జాబితా వేయాలి. కడుపు ఉబ్బిన గోడ, వంగిన దూలం ఉన్న ఇంట్లో పడుకోవద్దని చెప్పి, బాగు చేసుకోవడానికి సాయం ఇవ్వాలి. హౌసింగ్ అధికారులు బేస్‌మెంటు లెవెలుకూ రూఫ్ లెవెలుకూ బిల్లు రాసేటప్పుడు ఫొటో ఒక్కటే చూస్తే చాలదు, బెల్టు ఉందా, మూలల్లో చువ్వలు ఉన్నాయా అని చూసి రాయాలి. బేల్దారి మేస్త్రీలకు మండలానికొక శిక్షణ పెట్టాలి, వాళ్ల చేతే కట్టించి చూపించాలి. బడుల్లో పిల్లలకు దక్కను స్థిరమైనదన్న ఒక్క వాక్యంతో పాటు కిల్లారి పాఠం కూడా చెప్పాలి. ఇంటివాళ్లు ఈ ఏడాది చౌడు వేసే ముందు పాత పొర దించాలి.

ప్యాపిలికి రేపు భూకంపం వస్తుందని నేను చెప్పడం లేదు. అట్లా చెప్పగల శాస్త్రం ప్రపంచంలో ఎక్కడా లేదు. రాదని చెప్పగల శాస్త్రమూ లేదు. నేల మన చేతిలో లేదు. గోడ ఉంది. దాన్ని కట్టకుండా నేలను పొగిడి కూర్చోవడం ధీమా అనిపించుకోదు, బాధ్యత ఎగ్గొట్టడం అనిపించుకుంటుంది.